కుక్కపిల్లను తెచ్చే ముందు కాగితం మీద లెక్క వేసుకోండి

“మా ఇంట్లో కుక్కేనండీ డాక్టరుగారూ! వీధికుక్క కాదు. ఆడుకుంటూంటే పన్ను గీసుకుంది, అంతే. ఇంజక్షను అక్కర్లేదు కదండీ?”

ఓ.పి.లో నా ఎదుట నిలబడ్డ ఆయన ఒక కంపెనీలో గుమాస్తా. పక్కన ఎనిమిదేళ్ళ కొడుకు. వాడి కుడిచేతి మీద పన్ను దిగిన గుర్తు, ఎండిన నెత్తురు, దాని మీద పసుపు.

“కుక్కకి టీకా వేయించారా?” అని అడిగాను.

“ఇంకా లేదండీ. దానికి అయిదో నెల. ఈ నెల కాస్త చేతిలో ఆడలేదు. జీతం రాగానే వేయిద్దామనుకుంటున్నాం.”

“ఎంత పెట్టి కొన్నారు?”

“12 వేలండీ. వీడి పుట్టినరోజుకని తెచ్చాం.”

“మెడపట్టీ, గొలుసూ?”

“అవో 800.”

“పరుపు కూడా కొన్నాం డాక్టరుగారూ, 1,500!” అన్నాడు కుర్రాడు ఉత్సాహంగా.

మొత్తం 14,300 రూపాయలు. అందులో పరుపు ఉంది, గొలుసు ఉంది. అన్నిటికంటే ముందు రాయవలసిన 300 రూపాయల పద్దు మాత్రం లేదు. అదే రేబీస్ టీకా.

రేబీస్ క్రిమికి పెంపుడు కుక్క, వీధికుక్క అనే తేడా తెలియదు. టీకా పడిన కుక్క, పడని కుక్క అనే తేడా ఒక్కటే తెలుసు. ఆ కుర్రాడి చేయి సబ్బుతో కడిగించి, గాయంలో సీరం ఇచ్చి, టీకా మొదలుపెట్టి పంపాను. ఆ తరువాత ఈ వ్యాసం రాయాలనిపించింది.

నేను మనుషుల డాక్టరును. కుక్కలకు వైద్యం చెప్పవలసినవారు పశువైద్యులు. కాని కుక్కను పెంచడంలో పొరపాటు జరిగితే, ఆ ఇంటివారు చివరికి వచ్చేది నా దగ్గరికే. అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. కుక్కను పెంచవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెంచేటట్లయితే లెక్క చూసుకుని పెంచమనే చెబుతున్నాను.

ఇది పన్నెండేళ్ళ బాధ్యత

కుక్కపిల్లను కొనడం ఒక్కరోజు ఖర్చు. పెంచడం పది, పన్నెండేళ్ళ ఖర్చు. ఈ రోజు ఒకటో తరగతి చదివే మీ అబ్బాయి కాలేజీకి వెళ్ళేదాకా అది మీ ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి తెచ్చేముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. రోజూ పొద్దున, సాయంత్రం దాన్ని బయటికి తిప్పేదెవరు? మీరంతా ఊరు వెళితే చూసేదెవరు? అద్దె ఇల్లయితే, ఇంటివారు ఒప్పుకున్నారా? మూడో ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా తెచ్చి, ఆరునెలల తరువాత ఊరి చివర వదిలేసి వచ్చేవారున్నారు. పెంచిన జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఏ జాతి మంచిదని చాలామంది అడుగుతారు. మన వాతావరణానికి మన నాటుకుక్కే మంచిది. పొట్టి బొచ్చు, ఎండకు అలవాటుపడిన శరీరం, మనం తినే తిండితో సరిపెట్టుకునే కడుపు దానివి. మంచుదేశాల్లో బళ్ళు లాగడానికి పెంచిన హస్కీని తెచ్చి విజయవాడ ఎండలో కట్టేయడం దానికీ శిక్షే, కరెంటు బిల్లు కట్టే మీకూ శిక్షే. కొనేటట్లయితే రెండు నెలలు నిండని పిల్లను కొనకండి. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం అమ్మేవారు అలాంటి పిల్లను అమ్మకూడదు. తల్లిపాలు త్వరగా మానిన పిల్ల తరచు జబ్బుపడుతుంది. తోటి పిల్లలతో ఆడి, ఎంత గట్టిగా కొరకవచ్చో నేర్చుకోకుండా వచ్చినందువల్ల కరిచే అలవాటు కూడా ఎక్కువగా ఉంటుంది.

తిండి లెక్క

పది కిలోల బరువుండే నాటుకుక్కకు రోజుకు సుమారు 600 నుంచి 650 కాలరీల ఆహారం కావాలి. ఇంటి వంటలో అది ఇలా వస్తుంది: 80 గ్రాముల బియ్యం వండిన అన్నం, రెండు ఉడికించిన గుడ్లు, 100 గ్రాముల ఎముక లేని కోడిమాంసం, కొంచెం ఉడికించిన క్యారట్టో గుమ్మడికాయో. ఉప్పు, కారం, మసాలా వద్దు.

ఇప్పుడు ధర కట్టండి. బియ్యం కిలో 50 రూపాయలనుకుంటే 80 గ్రాములకు 4 రూపాయలు. గుడ్డు 7 చొప్పున రెండింటికి 14. మాంసం కిలో 250 అయితే 25. కూరముక్కలకు 5. మొత్తం రోజుకు 48 రూపాయలు, నెలకు 1,440, ఏడాదికి 17,520. పన్నెండేళ్ళకు రెండు లక్షల పైచిలుకు! మీ ఊళ్ళో ధరలు వేరైతే ఆ ధరలే వేసుకోండి, పద్ధతి ఇదే.

30 కిలోల లాబ్రడార్ అయితే? బరువు మూడు రెట్లయినా తిండి మూడు రెట్లు అక్కర్లేదు, రెండుంబావు రెట్లు చాలు. అయినా ఏడాదికి 40 వేలకు దగ్గర పడుతుంది. ఇంటి బడ్జెట్టుకు పెద్దకుక్క సరిపోతుందా, చిన్నకుక్క సరిపోతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

“మేం శాకాహారులం, పెరుగన్నం పెడితే చాలదా?” అని అడిగేవారున్నారు. ఒట్టి పెరుగన్నంతో కడుపు నిండుతుంది గాని కండ పట్టదు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. కనీసం గుడ్డయినా పెట్టగలరేమో చూడండి. అదీ కుదరకపోతే పశువైద్యుడి సలహా మీద తగిన తయారీ ఆహారం ఎంచుకోండి. పాలు చాలా కుక్కలకు అరగవు, విరేచనాలవుతాయి. పెరుగు ఫరవాలేదు.

పెట్టకూడనివి గుర్తుంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలవు. చాక్లెట్ విషం. వండిన కోడి ఎముకలు పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. బిర్యానీలో మిగిలిన ఎముకలు కుక్కకు వేయడం ప్రేమ అనుకుంటాం. దానికి ఆపరేషను చేయించవలసి వచ్చినప్పుడు ఆ ప్రేమ ఖరీదు తెలుస్తుంది.

టీకాల లెక్క

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వగైరా జబ్బులన్నిటికీ కలిపి ఇచ్చే టీకా మొదలుపెట్టాలి. మూడు, నాలుగు వారాల ఎడంతో, నాలుగో నెల వరకు మళ్ళీ మళ్ళీ వేయించాలి. మూడో నెల నిండగానే రేబీస్ టీకా. పశువైద్యుడు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆపైన ఏటేటా ఒకటి. టీకాలు వేసిన తేదీలు రాసిన పుస్తకాన్ని రేషన్ కార్డంత భద్రంగా దాచండి.

మా ఊళ్ళో నేను వాకబు చేసినంతలో ప్రైవేటు పశువైద్యుల దగ్గర మొదటి ఏడాది టీకాలు, నట్టల మందు అన్నీ కలిపి మూడు, నాలుగు వేలు అవుతున్నాయి. ఆ తరువాత ఏటా రెండు వేల లోపే. టీకా పడని పిల్లకు పార్వో వస్తే నెత్తుటి విరేచనాలు, వాంతులు మొదలవుతాయి. నాలుగైదు రోజులు సెలైను పెట్టించాలి. రోజుకు వెయ్యికి తక్కువ కాదు. అంత ఖర్చు పెట్టినా బతుకుతుందన్న హామీ లేదు.

ఇక రేబీస్ టీకా ఒక్కదాని లెక్క చూడండి. ఏడాదికి 300 రూపాయలు. అంటే రోజుకు రూపాయి కూడా పడదు. అదీ కష్టమైతే, జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి రేబీస్ టీకా మొదలుపెట్టి ప్రాణం నిలబెట్టాడు.

ఈ పద్దు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1999లో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఒక రైతు తొమ్మిదేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. జ్వరం, కంగారు, గొంతు పట్టేసినట్లుందని చెప్పాడు. గ్లాసుతో నీళ్ళిచ్చాను. గ్లాసు నోటి దగ్గరికి చేరకముందే పిల్ల ఒళ్ళంతా వణికి, గొంతు బిగుసుకుపోయింది. కుక్క కరిచిందా అని అడిగితే లేదన్నారు. చాలాసేపటికి తల్లి జ్ఞాపకం చేసుకుంది. రెండున్నర నెలల క్రితం ఇంట్లో పెంచుకునే కుక్కపిల్ల వేలు కొరికిందట. వారం తిరక్కుండా ఆ కుక్కపిల్ల చచ్చిపోతే, పాము కరిచిందనుకుని దొడ్లో పాతిపెట్టారట.

“ఎంత ఖర్చయినా ఫరవాలేదు బాబూ, ఎక్కడికి తీసుకుపొమ్మంటే అక్కడికి తీసుకుపోతాను. పొలం అమ్మేస్తాను” అన్నాడు తండ్రి.

రేబీస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. మూడో రోజున ఆ పిల్ల పోయింది. పొలం అమ్మడానికి సిద్ధపడ్డ ఆ తండ్రికి, కుక్కపిల్లకు ఒక టీకా వేయించాలని ముందుగా చెప్పినవారు లేరు. మీకు నేను చెబుతున్నాను.

నట్టలు, పిడుదులు

నట్టల మందు పిల్లకు మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకొకసారి, ఆరు నెలలదాకా నెలకొకసారి, ఆ తరువాత మూడు నెలలకొకసారి వేయించండి. బరువును బట్టి మోతాదు పశువైద్యుడు చెబుతాడు. ఇది కుక్క కోసమే కాదు, మీ పిల్లల కోసం కూడా. కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు మట్టిలో కలిసి, చేతుల ద్వారా పిల్లల కడుపులోకి పోతాయి. వాటి పిల్లపురుగులు కాలేయంలోకి, ఒక్కొక్కసారి కంటిలోకి కూడా చేరతాయి. కుక్కతో ఆడిన తరువాత, అన్నానికి కూర్చునే ముందు, సబ్బుతో చేతులు కడిగించండి. మూతి నాకించుకోవడం మాన్పించండి.

మాంసం కొట్టు దగ్గర దొరికే పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు పెట్టకండి. వాటిలో నీటితిత్తులుంటే కుక్క పేగుల్లో ఒక చిన్న నట్ట పెరుగుతుంది. దాని గుడ్లు మనిషికి చేరితే కాలేయంలో నీటితిత్తులు పుడతాయి. వాటికి తరచు ఆపరేషను చేయవలసి వస్తుంది.

పిడుదులను ఊరికే పీకి నేలమీద పారేయకండి. చెవులు, కాలివేళ్ళ సందులు వారానికొకసారి వెతకండి. పిడుదుల వల్ల కుక్కకు జ్వరం వచ్చి రక్తం తగ్గిపోతుంది. ఒంటిమీద బొచ్చు ఊడి గుండ్రంగా మచ్చలు కనిపిస్తే అది తామర కావచ్చు. కుక్కకు వైద్యం చేయించకుండా పిల్లలకు మాత్రం ఆయింట్‌మెంటు రాస్తూ ఉంటే ఎన్నాళ్ళయినా తగ్గదు.

మన మాత్రలు కుక్కకు వద్దు

కుక్క కుంటుతోందని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేసేవారు చాలామంది. ఇది పెద్ద తప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా వేయకూడదు. నేను రాసిచ్చిన చీటీ మీకోసం, మీ కుక్క కోసం కాదు. పశువైద్యుడి ఫీజు మిగిలిందనుకుని పెద్ద ఖర్చు నెత్తిన వేసుకోకండి.

నెలకు 300 రూపాయలు కుక్క పేరిట విడిగా సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏడాదికి 3,600 అవుతుంది. కాలు విరిగిన రోజున, జ్వరం వచ్చిన రోజున అప్పుకు వెళ్ళే అవసరం రాదు.

వేసవి, ప్రయాణాలు, సంతానం

కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దానికి చల్లబడే దారి. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కక ముందే తిప్పి తీసుకురండి. అరచేతి వెనక భాగం రోడ్డుమీద కాసేపు ఆనించలేకపోతే, దాని పాదాలూ ఆనించలేవు. డాబా మీద కట్టేయవద్దు. కారులో పెట్టి తలుపులు వేసి వెళ్ళవద్దు. నీళ్ళ గిన్నె ఎప్పుడూ నిండుగా, నీడలో ఉండాలి. విపరీతంగా వగరుస్తూ తూలిపోతుంటే మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఫాను కింద ఉంచి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

సంక్రాంతికి ఊరు వెళ్ళే ముందే ఏర్పాటు చూసుకోండి. రైల్లో మీతోపాటు తీసుకువెళ్ళాలంటే ఫస్టు క్లాసులో పెట్టె గది మొత్తం మీ పేరున ఉండాలి. లేదా బ్రేకు వ్యానులో కుక్కల పెట్టెలో పంపాలి. అప్పగించి వెళ్ళే చోట్ల రోజుకు వందల్లోనే తీసుకుంటారు. పక్కింటివారు చూస్తామంటే వారికి టీకాల పుస్తకం, పశువైద్యుడి ఫోను నంబరు ఇచ్చి వెళ్ళండి.

ఆడకుక్క సుమారు ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుంది. కట్టిన 63 రోజులకు నాలుగో, ఆరో, ఎనిమిదో పిల్లల్ని పెడుతుంది. వాటన్నిటికీ ఇళ్ళు వెతకగలరా? లేకపోతే పశువైద్యుణ్ణి అడిగి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించండి. ఒక్కసారి పెట్టే ఖర్చు అది. మీరు చేయించకపోతే ఆ పిల్లలే రేపు వీధికుక్కలవుతాయి.

కరిస్తే ఏం చేయాలి?

మీ కుక్కే కానివ్వండి, పక్కింటిదే కానివ్వండి, ముందు కుళాయి కింద చేయి పెట్టి సబ్బుతో పావుగంటసేపు కడగండి. గడియారం చూసుకుని కడగండి, పావుగంట మనం అనుకునేదానికంటే ఎక్కువే. తరువాత అయొడిన్ మందు పూయండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ వద్దు. కట్టు కట్టవద్దు.

ఆ రోజే ప్రభుత్వాస్పత్రికి రండి. టీకా ఉచితం. పూర్వం బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లని జనం హడలిపోయేవారు. ఆ పాతరకం మందు మన దేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడు మొదటి రోజు, అప్పటినుంచి 3, 7, 28 రోజులకు, నాలుగుసార్లు జబ్బల మీద చర్మంలో చిన్న సూదులు. నెత్తురు వచ్చిన గాయమైతే దానిలో సీరం కూడా ఇస్తారు. మీ ఊళ్ళో సీరం లేకపోతే పెద్దాస్పత్రికి పంపుతారు, తప్పకుండా వెళ్ళండి. గర్భిణులూ, పసిపిల్లల తల్లులూ కూడా ఈ టీకా వేయించుకోవచ్చు.

కుక్కను కొట్టి చంపవద్దు, తరిమివేయవద్దు. కట్టేసి 10 రోజులు కనిపెట్టండి. 10 రోజులకూ అది హాయిగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబీస్ లేనట్లే. అప్పుడు మిగిలిన డోసుల సంగతి డాక్టరు నిర్ణయిస్తాడు. అంతేగాని 10 రోజులు చూసి అప్పుడు టీకా మొదలుపెడదామనుకోకండి. టీకా మొదటి రోజే మొదలు కావాలి. కరిచిన సంగతి చెబితే కొడతారని పిల్లలు దాస్తారు. “కుక్క కొరికినా, గీరినా నాకు చెప్పు, నిన్నేమీ అనను” అని వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. ఇంటికొచ్చే పనిమనిషికి గాయమైతే ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్ళే బాధ్యత కూడా కుక్కగల మీదే.

ఇంతకూ ఆ గుమాస్తాగారి సంగతి చెప్పలేదు కదూ! 10 రోజుల తరువాత తండ్రీకొడుకులు మళ్ళీ వచ్చారు. కుక్కపిల్ల హుషారుగా ఉందట. పశువైద్యశాలకు తీసుకువెళ్ళి టీకా వేయించారట. కుర్రాడు కొత్త టీకాల పుస్తకం నా బల్లమీద పెట్టాడు. అందులో కుక్క పేరు దగ్గర వాడి చేతిరాత, కింద తేదీ, పశువైద్యుడి సంతకం.

వచ్చే సంవత్సరం టీకా ఎప్పుడు వేయించాలో వాణ్ణే అడిగాను. తడుముకోకుండా తేదీ చెప్పాడు. మీ ఇంట్లో కుక్క ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి దాని టీకాల పుస్తకం తీసి ఆ తేదీ ఒకసారి చూడండి. పుస్తకమే లేకపోతే రేపు ఉదయం పశువైద్యశాలకు బయలుదేరండి.